ఊడ్వని సమాధి

మా అక్క ఊడ్చినట్టు వరంగల్లులో ఇంకెవరూ ఊడ్వరు. ఇది పొగడ్త కాదు, ఆమెతో ఒకే ఇంట్లో ఉండేవాళ్ల గోడు. పొద్దున లేచి వాకిలి ఊడుస్తుంది, వరండా ఊడుస్తుంది, నేను కూర్చుని చాయ్ తాగుతున్న కుర్చీ కింద ఊడుస్తుంది. కాళ్లు ఎత్తమంటుంది. ఎత్తితే ఇంకొంచెం ఎత్తమంటుంది. దవాఖానలో నర్సుగా చేసి రిటైరైంది గానీ ఆ సంగతి ఆమె చేతులకు ఇంకా తెలియదు. ఆమె చెల్లెల్ని నేను, డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. నేను పెళ్లి చేసుకోలేదు, ఆమె మొగుడు పోయాడు, అలా ఇద్దరం ఒకచోట చేరాం. ఎండుటాకు కనబడితే నేను వంగి చూస్తాను, ఆమె వంగి ఎత్తి పారేస్తుంది. మా తగువులన్నీ ఈ ఒక్క తేడాలోంచి పుట్టినవే.

వాటిలో పెద్ద తగువు బావ సమాధి దగ్గర వచ్చింది.

బావది వర్ధన్నపేట అవతల ఒక పల్లె. పత్తీ వరీ పండించే ఇల్లు. అక్క పనిచేసిన దవాఖానలోనే ఎక్స్‌రేలు తీసేవాడు. మాది తాతల నాటి నుంచి కథోలిక కుటుంబం. అక్కను చేసుకోవడానికి ఆయన జ్ఞానస్నానం తీసుకున్నాడు. వాళ్లింట్లో దానికి పెద్ద రభస ఏమీ జరగలేదు. "ఏ దేవుణ్ని మొక్కితె ఏంది, అన్నమే తింటాండు గదా" అని వాళ్లమ్మ అన్నదట. అక్కా బావా పండుగలకు అటు పోయేవాళ్లు, అటు నుంచి కొత్త బియ్యం ఇటు వచ్చేవి. వీళ్లకు పిల్లలు లేరు. బావ తమ్ముడు మార్కెట్‌కు వచ్చినప్పుడల్లా ఇక్కడే తిని, ఇక్కడే పడుకుని పోయేవాడు. నాకన్నా బాగా చిన్నవాడు. వదినె చేతి చేపల పులుసంటే ప్రాణం అనేవాడు, అది నిజమో పొగడ్తో నాకు తెలియదు, ఎందుకంటే అక్క పులుసు అంత గొప్పదేమీ కాదు.

బావ గుండెపోటుతో పోయినప్పుడు వచ్చింది గొడవ. ఊరికి తీసుకుపోయి దహనం చేద్దామని వాళ్లు, ఇక్కడే మట్టిలో పెడదామని అక్క. ఆయన మాతో చాలాసార్లు అన్నాడు: "నన్ను ఈడ్నే పెట్టుండ్రి. ఆమె వచ్చేది గూడ ఈడికే గదా." కానీ ఆ మాట విన్నది అక్కా నేనూ మాత్రమే. వాళ్లు నమ్మలేదు. నమ్మకపోవడంలో వాళ్ల తప్పూ లేదు. తమ్ముడు సమాధుల తోట గేటు దాకా వచ్చాడు, లోపలికి అడుగు పెట్టలేదు. గేటు ఊచ పట్టుకుని అక్కతో ఒక్కటే మాట అన్నాడు.

"మేమైతె ఏటేటా పెత్రమాస నాడు పేరు వెట్టి బియ్యమిస్తుంటిమి వదినె. మీరు మట్టిల వెట్టి మర్శిపోతరు."

పెత్రమాస అంటే పోయిన పెద్దల పేరిట బియ్యం ఇచ్చే అమావాస్య. ఆ తర్వాత ఆయన మా ఇంటికి రాలేదు. ఫోన్ చేస్తే ఎత్తేవాడు, అందరం మంచిగున్నం అనేవాడు, పెట్టేసేవాడు. అలా ఐదారేళ్లు నడిచింది.

అక్క ఆ మాటకు నోటితో జవాబు చెప్పలేదు, చీపురుతో చెప్పింది. నెలకోసారి తోటకు పోయి బావ సమాధి ఊడ్చి వచ్చేది. నవంబరు మొదట్లో మాకు సమాధుల పండుగ వస్తుంది. ఆ రోజు ఎవరి వాళ్ల సమాధులు వాళ్లు శుభ్రం చేసి, సున్నం వేసి, బంతిపూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. ఫాదర్ వరసల వెంట నడుస్తూ అన్నిటి మీదా తీర్థం చల్లుతాడు. ఊడ్వని సమాధి అంటే వెనక ఎవరూ లేని సమాధి అని లెక్క. అక్క ఆ పండుగకు వారం ముందు నుంచే పని మొదలుపెట్టేది. ఎవరు ఎప్పుడు వచ్చి చూసినా ఆ మట్టి మీద ఒక్క ఆకు ఉండకూడదు. ఆ వచ్చి చూసే మనిషి ఎవరో మా ఇద్దరికీ తెలుసు. ఎప్పుడూ పేరెత్తలేదు.

ఆ పని సులువైనది కాదు. బావ సమాధి ప్రహరీగోడ పక్కన, పెద్ద వెదురు పొద కింద ఉంది. వెదురుకు ఆకు రాల్చడం తప్ప ఇంకో పని ఉన్నట్టు నాకెప్పుడూ కనబడలేదు. అన్ని సమాధులకూ గ్రానైట్ బండలు, టైల్సు వచ్చాయి గానీ ఈయనది ఒట్టి మట్టి దిబ్బే. తల దగ్గర సిమెంటు సిలువ. "నా మీద బండ వెయ్యకుండ్రి, గడ్డో గాదమో మొల్వనియ్యుండ్రి" అని నవ్వుతూ అన్నమాటను అక్క చట్టంలాగా పట్టుకుంది. బండ వేయలేదు. గడ్డిని మాత్రం మొలవనివ్వలేదు.

తర్వాత ఒక చలికాలంలో అక్క మోకాలికి ఆపరేషన్ అయింది. ఏడెనిమిది నెలలు తోటకు పోలేకపోయింది. నన్ను పోయి ఊడ్చి రమ్మని రోజూ సతాయించేది. నేను పోయేదాన్ని, కాసేపు నిలబడి వచ్చేదాన్ని, ఊడ్చానని చెప్పేదాన్ని. ఆకులను చూస్తే నాకు ఊడవాలనిపించదు, ఏం చేయను.

బావ పోయింది వానాకాలంలో. ఆపరేషన్ తర్వాత వచ్చిన వర్ధంతికి ఆయన పేరు మీద గుడిలో (మేం చర్చిని గుడి అనే అంటాం) పూజ పెట్టించి, అయ్యాక ఇద్దరం ఆటోలో తోటకు వెళ్లాం. రెండు రోజులుగా ముసురు పట్టి అప్పుడే తెరిపి ఇచ్చింది. సమాధి మీద వెదురాకు పరుపులా పేరుకుని ఉంది. అక్క నన్ను ఒక చూపు చూసింది. ఆ చూపుకు నేను చిన్నప్పటి నుంచీ అలవాటు పడి ఉన్నాను. చేతికర్ర మీద ఆనుకుని చీపురు నా చేతికిచ్చింది. నేను కాళ్ల వైపు నుంచి మొదలుపెడదామని వంగాను.

మొదట పుట్టకొక్కు అనుకున్నాను. వానలు పడగానే మట్టిలోంచి వచ్చే తెల్లటి కొక్కులు ఇక్కడ అందరికీ తెలిసినవే. అయితే గొడుగు లేదు. నా వేలంత పొడవు కాడ, పాలు కలిపిన చాయ్ రంగులో. దాని మీద ఆకు అన్నది లేదు, ఆకుపచ్చ అన్నది లేదు. కొసన ఒక తెల్లటి పువ్వు, చిన్న గంటలా, పల్చగా, లోపల కొంచెం పసుపు. పక్కన ఇంకో మూడు నాలుగు కాడలు ఆకుల్లోంచి తలెత్తుతున్నాయి. పువ్వు లోపలికి చూశాను. నడుమ కేసరం, కీలం కలిసిపోయి ఒకటే స్తంభంగా ఉన్నాయి. అది ఆర్కిడ్ పువ్వులకే ఉంటుంది.

చీపురు కింద పెట్టాను. తడి నేల మీద మోకాళ్లు ఊని కూర్చున్నాను. నాకు సంతోషంగా ఉందని తెలియడానికి కొంత సేపు పట్టింది. ఉద్యోగమంతా బొమ్మలో చూపించి చెప్పిన మొక్క జాతి అది. తడి అడవుల్లో, కొండల్లో ఉంటుందని చదివాను. కాజీపేట రైళ్ల కూత వినబడే చోట, మా బావ కాళ్ల దగ్గర ఉంటుందని ఎవరూ రాయలేదు.

"ఏందది, పీకెయ్యరాదు," అన్నది అక్క.

"పీకేది గాదు. ఆర్కిడ్."

"ఆకులేవి దానికి?"

"ఉండయి."

"మరేం తిని బతుకుతది?"

"బూజు."

అక్క జీవితమంతా బూజును ఫినాయిల్ పెట్టి తరిమిన మనిషి. నేను ఎగతాళి చేస్తున్నాననుకుంది. దీన్ని గురించి పాఠ్యపుస్తకంలో ఒక్క వాక్యం ఉంటుంది. ఇలాంటి మొక్కలు పూతికాహారులు, అంటే కుళ్లినదాన్ని తిని బతికేవి అని. ఒక మార్కు ప్రశ్న. సంగతి అంత సూటిగా లేదు. కుళ్లిన ఆకును తినే శక్తి ఈ మొక్కకు లేదు. దాన్ని తినేది బూజు. తడి ఆకు ఎత్తి చూస్తే దారాల్లా తెల్లగా పాకి ఉంటుందే, అది. ఆ దారాలు నేలలో ఉన్న ఈ మొక్క దుంపల్లోకి కూడా చొరబడతాయి. వచ్చిన దారాన్ని దుంప మెల్లగా అరిగించుకుంటుంది. అన్ని మొక్కలూ ఎండతో అన్నం వండుకుంటుంటే ఇది పొయ్యి వెలిగించే పనే పెట్టుకోలేదు. ఇదంతా అక్కకు చెప్పాను.

ఆమె శ్రద్ధగానే విన్నది. "అంటె పనీ చెయ్యది, వంటా చెయ్యది. ఇంకొగలు తెచ్చింది కూసుండి తింటది. నీ లెక్కనే," అన్నది.

ఆ రోజు ఊడ్వలేదు. మధ్యాహ్నం దాకా అక్కడే ఉన్నాం. మధ్యాహ్నానికి ఆ పువ్వు ముడుచుకుపోయింది. దాని ఆయువు ఒక్క పూట. మర్నాడు ఇంకో కాడ పూసింది, దాన్ని చూడటానికి మళ్లీ పోయాను. ఆ నెలంతా పోతూనే ఉన్నాను. కాయ కట్టిన కాడ ఒక వింత పని చేసింది. పూసినప్పుడు ఆకుల్లో నక్కి ఉన్నది, పువ్వు రాలాక పొడుగు సాగడం మొదలుపెట్టింది. కొద్ది రోజుల్లోనే జానెడు దాటింది. కాయను గాలికి అందేంత ఎత్తుకు లేపి, పగిలి, ముక్కుపొడి కన్నా సన్నని గింజలు వదిలింది. ఆ గింజల్లో తిండి దాచిపెట్టుకునేంత చోటు కూడా లేదు. పడ్డ చోట బూజు ఉంటే బతుకుతాయి, లేకపోతే లేదు.

"మీ బావ బతికున్నప్పుడు ఆయన దగ్గర ఇంతసేపు కూసోలేదు నువ్వు," అనేది అక్క. అయినా నాతోపాటు వచ్చేది. రెండోసారి వచ్చినప్పుడు కళ్లజోడు తెచ్చుకుని వంగి చూసింది. బాగుందని అనలేదు. "బలే తెల్లగుంది," అన్నది. ఆమె నోట తెలుపు అన్నదే పెద్ద మెచ్చుకోలు.

ఎవరికీ చెప్పొద్దని ఇద్దరం అనుకున్నాం. సమాధి మీద ఆకుపచ్చ లేని పువ్వు పూసిందని తెలిస్తే రెండు గుంపులు తయారవుతాయి. ఒక గుంపు అద్భుతమని కొవ్వొత్తులు తెస్తుంది, ఇంకో గుంపు దయ్యమని కిరసనాయిలు తెస్తుంది. మా వాళ్ల సంగతి నాకు తెలుసు. మొక్కకు రెండూ ఒకటే.

వానలు తగ్గేసరికి పైన ఏమీ మిగల్లేదు. కాడలు ఎండి కలిసిపోయాయి. మళ్లీ వానాకాలం దాకా అది నేల కింద దుంపగానే ఉంటుంది. చూసేవాళ్లకు అక్కడ ఉన్నది వెదురాకు చెత్త, అంతే. ఈ లోపల పండుగ దగ్గర పడింది. గుడిలో ప్రకటన చదివారు, ఎవరి సమాధులు వాళ్లు శుభ్రం చేసుకోవాలని, యువజన సంఘం వాళ్లు సున్నం, బ్లీచింగ్ పౌడర్ ఏర్పాటు చేస్తారని. ఇంటికి రాగానే అక్క కొత్త చీపురు బయటికి తీసింది.

"కాళ్ల దిక్కు ఊడ్వకు," అన్నాను.

"ఎందుకు?"

"ఆకులు తీస్తె బూజు చస్తది. సున్నం పడితె ఇంక జల్ది చస్తది. బూజు చస్తె ఆ మొక్క ఉండది."

"యాడుంది మొక్క? ఏం లేదు గదా ఆడ."

"కిందుంది."

"కింద మీ బావ ఉన్నడు," అన్నది అక్క.

వారం రోజులు ఇంట్లో యుద్ధం. తవ్వి ఇంకో చోట పెట్టరాదా అన్నది. కుండీలో బతకదని చెప్పాను, దాని అన్నం ఆ ఆకుల్లోనే ఉందని, ఆ ఆకులు ఆ పొదవేనని. అయితే సగం ఊడుస్తానన్నది. సగం ఊడ్చిన సమాధి ఊడ్వని సమాధి కన్నా అధ్వానంగా ఉంటుందని ఆమే మళ్లీ అన్నది. ఒక రోజు ఏడ్చింది కూడా. "ఊరంతా పూలు వెట్టుకుంటె నా మొగుని మీద చెత్త ఉండాల్నా? రేపు ఎవలన్న వచ్చి చూస్తె?" అని అడిగింది. ఐదారేళ్లుగా రాని మనిషి ఈ ఏడే వస్తాడా అని నేను అన్నాను. అనాల్సిన మాట కాదు గానీ అప్పుడు అది లెక్క ప్రకారం సరైన మాటే.

మర్నాడు తనే వచ్చి నా మంచం పక్కన నిలబడింది. "సరే. ఈ ఒక్క ఏడు. ఏమన్న మొల్వనియ్యుండ్రి అని ఆయన్నే అన్నడు గదా," అన్నది. ఆమెకు అది ఎంత కష్టమో నాకు తెలుసు. నేను ఆ ఇంట్లో ఎవరి చేతనైనా ఏదైనా ఒప్పించడం అదే మొదటిసారి. ఆ పూట వంట నేను చేశాను. బాగా రాలేదు.

పండుగ నాడు పొద్దున్నే పోయాం. తోటంతా సున్నం వాసన, ఊదువత్తుల పొగ. పక్క సమాధి వాళ్లు గ్రానైట్ బండను షాంపూ పెట్టి రుద్దుతున్నారు. అక్క సిలువ కడిగింది, తల వైపు జానెడు మేర ఊడ్చింది, పూలదండ సిలువకే వేసింది. మిగతా దిబ్బ అంతా గోధుమరంగు ఆకు. రెండు వైపులా తెల్లగా మెరిసిపోతున్న సమాధుల మధ్య అది ఎవరో మంచం కింద మరిచిపోయిన పాత బొంతలా ఉంది. పక్కావిడ చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"ఏందక్కా, మోకాలు ఇంక నొస్తాందా? మావోళ్లను పంపుదునా, జర సాఫ్ చేస్తరు."

"వద్దులే," అన్నది అక్క.

సున్నం బకెట్టుతో వచ్చిన యువజన సంఘం వాళ్లను నేను ఆపాను. ఒకప్పుడు క్లాసులో వాడిన గొంతు తీయాల్సి వచ్చింది. వాళ్లు వెళ్తూ వెనక్కి తిరిగి చూసుకున్నారు. అక్క ఎవరి వంకా చూడకుండా స్టూలు మీద కూర్చుని జపమాల తిప్పుతోంది. వేళ్లు కదులుతున్నాయి గానీ పెదాలు కదలడం లేదు. ఆమె అవమానపడుతోందని నాకు కనబడుతూనే ఉంది. రెండు మూడు గంటలు ఓర్చుకుంటే అయిపోతుంది అనుకున్నాను.

బావ తమ్ముణ్ని ముందు అక్కే గుర్తుపట్టింది. గేటు లోపల, దారి తెలియక, వరసలన్నీ చూసుకుంటూ వస్తున్నాడు. వెంట్రుకలు నెరిశాయి. భుజాన తువ్వాల, చొక్కా నిండా పత్తి నూగు. చెప్పులు గేటు దగ్గరే విడిచినట్టున్నాడు, కాళ్లకు లేవు.

"వదినె," అన్నాడు.

"వచ్చినవా," అన్నది అక్క. స్టూలు మీంచి లేవబోయింది, మోకాలు సహకరించలేదు.

"మార్కెట్‌కు పత్తి తెచ్చిన. తొవ్వల అందరు పూలు కొంటాండ్రు. ఏం పండుగని అడిగిన." భుజం మీది తువ్వాల సర్దుకున్నాడు. "చెప్పిండ్రు."

"మంచిగున్నరా అందరు?"

"ఆఁ. మా అన్నది యాడ?"

అక్క చేయి చూపించింది. ఆయన చూశాడు. ఇటు పక్క తెల్లటి సమాధి చూశాడు, అటు పక్క మెరిసే బండ చూశాడు, మళ్లీ నడుమ ఉన్న ఆకుల కుప్ప చూశాడు.

"ఊడ్వలేదేంది వదినె."

ఆ గొంతులో దెప్పు ఉంటే బాగుండేది, నేను జవాబు చెప్పగలిగేదాన్ని. దెప్పు లేదు. ముందే తెలిసిన సంగతిని కళ్లతో చూసినవాడి గొంతు అది. అయినా నేను నోరు తెరిచాను. నా దగ్గర పాఠం మొత్తం సిద్ధంగా ఉంది. నెల నెలా ఆమె ఎలా ఊడ్చిందో, ఈ ఏడు ఎందుకు ఊడ్వలేదో, ఫోన్‌లో ఫోటోలతో సహా.

అక్క నాకు అవకాశం ఇవ్వలేదు. "ఇప్పుడే వచ్చినం. నాకు మోకాలు వంగుతలేదు," అన్నది. తర్వాత, నా వంక చూడకుండా, "నువ్వు జర ఊడుస్తవా?" అన్నది.

ఆయన తువ్వాల తీసి సిలువ పక్కన పెట్టాడు. చీపురు ఇవ్వబోతే తీసుకోలేదు. గొంతుక్కూర్చుని రెండు చేతులతో ఆకులు ఎత్తడం మొదలుపెట్టాడు. కింది ఆకులు ముద్దలు ముద్దలుగా వచ్చాయి, వాటికి తెల్లటి దారాలు అంటుకుని ఉన్నాయి. దోసిళ్లతో ఎత్తి గోడ పక్కన పోశాడు. మట్టి బయటపడింది. వానలకు దిబ్బ ఒక పక్కకు కుంగి ఉంది. రైతుకు కుంగిన నేల చూస్తే చేతులు ఊరుకోవు. పక్కవాళ్ల దగ్గర పార అడిగి తెచ్చాడు, పైపైన గీకి చదును చేయబోయాడు. ఆగి, మట్టిలోంచి ఏదో తీసి వేళ్ల మధ్య నలిపి చూశాడు.

"తుంగ," అన్నాడు.

అది తుంగ కాదు. తుంగ గడ్డలాగే ఉంది, అంతే లావు, అదే గోధుమరంగు. పొలంలో తుంగ గడ్డలను ఏరి ఏరి నడుం వంగినవాడు ఎవరైనా ఆ పొరపాటే పడతాడు. పార పక్కన పెట్టి, వేళ్లతో మట్టి వదులు చేస్తూ ఒక్కొక్క దుంపనూ తీస్తున్నాడు. తెగకుండా, తోకతో సహా.

"అవి..." అన్నాను.

"నువ్వు పోయి కొవ్వొత్తులు పట్టుకరాపో," అన్నది అక్క నాతో. కొవ్వొత్తులు ఆమె సంచిలోనే ఉన్నాయి. నేను కదల్లేదు.

ఆయన తల ఎత్తకుండానే మాట్లాడాడు. "చిన్నప్పుడు మా ఇద్దరికి ఇదే పని వదినె. ఒక సాలు అన్న, ఒక సాలు నేను. గడ్డ తెగితె బాపు కొట్టేటోడు. నాయి తెగుతుండె. అన్న తనయి నా గంపల ఏసేటోడు." చేతికంటిన మట్టి దులిపాడు. తర్వాత మళ్లీ తీయడం మొదలుపెట్టాడు.

తీసినవన్నీ తువ్వాలలో వేశాడు. ఒకటి జారి నా కాలి దగ్గర పడింది. నేను వంగి అందుకునేలోపే ఆయన చూశాడు. "ఒక్కటి ఇడిచినా మల్ల మొలుస్తదమ్మా," అని దాన్నీ తీసి తువ్వాలలో వేసి ముడి కట్టాడు. గట్టు మీద ఎండబెడితే గానీ చావదని, పోయేటప్పుడు తీసుకుపోతానని చెప్పాడు. ఆ తర్వాత పక్కావిడ మిగిలిన సున్నం ఇచ్చింది. దిబ్బ చుట్టూ ఆయన వేసిన గీత ఎక్కడా వంకర పోలేదు. అక్క సంచిలోంచి పూలు తీసి ఇస్తే ఒక్కొక్కటి లెక్క పెట్టినట్టు పేర్చాడు. ఫాదర్ వచ్చి తీర్థం చల్లినప్పుడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నీటి చుక్కలు ఆయన మొహం మీద పడ్డాయి, తుడుచుకోవడానికి తువ్వాల ఖాళీగా లేదు.

మధ్యాహ్నం ఇంటికొచ్చి అన్నం తిని పోయాడు. పులుసు లేదని అక్క బాధపడితే, వచ్చేసారి చెయ్యమన్నాడు.

ఆయన పోయాక నేను అక్కతో మాట్లాడలేదు. నాకు కోపంగా ఉంది. దాన్ని దాచుకునే ప్రయత్నం కూడా చేయలేదు. గిన్నెలు చప్పుడు చేస్తూ కడిగాను. అక్క వచ్చి వంటింటి గడప మీద కూర్చుంది.

"నీ పువ్వుకు అన్యాలం చేసిన. తెలుసు నాకు."

నేను ఇంకో గిన్నె అందుకున్నాను.

"ఇన్నేండ్లు ఎవల కోసం ఊడ్చిన్నో వాడే వచ్చి, ఊడ్వలేదేంది వదినె అన్నడు. ఏం చెప్పమంటవు? మీ అన్న మీద బూజు పెంచుతానం అని చెప్పాల్నా?"

నాకు నవ్వొచ్చింది. కోపం పోలేదు, అది ఉండగానే నవ్వొచ్చింది. అక్క కూడా నవ్వింది. తర్వాత అక్కడే కూర్చుని చాలాసేపు ఏడ్చింది, బావ పోయిన రోజు కూడా నేను ఆమెను అంతసేపు ఏడవగా చూడలేదు. నేను తడి చేతులతోనే పక్కన కూర్చున్నాను.

ఆ ఏడు నుంచి ఆయన రావడం మళ్లీ మొదలైంది. కందులు తెచ్చాడు, మిరపకాయలు తెచ్చాడు, పులుసు తిన్నాడు. పెత్రమాసకు అన్న పేరు పెట్టి బియ్యం ఇస్తానని, తప్పు పట్టవద్దని అక్కను అడిగాడు. ఇయ్యమన్నది. వానాకాలం వచ్చింది. మంచి వానలే పడ్డాయి. నేను తోటకు రెండు మూడుసార్లు ఒక్కదాన్నే పోయి వచ్చాను. ఇంట్లో చెప్పలేదు, అక్క అడగలేదు.

బావ పేరు మీద పూజ ఉన్న రోజు ఆయన కూడా వచ్చి గుడిలో చివరి బెంచీ మీద కూర్చున్నాడు. అయ్యాక ముగ్గురం తోటకు పోయాం. ముందు రోజంతా వాన పడి నేల మెత్తగా ఉంది. నేను ఆ కాళ్ల వైపు మట్టినే చూస్తున్నాను. ఆయన కూడా అక్కడే గొంతుక్కూర్చుని, వేలితో మట్టి అటూ ఇటూ కదిపి, ఈ కొస నుంచి ఆ కొస దాకా ఓపిగ్గా వెతికాడు. ఆకు తొలగించి చూశాడు. సిలువ వెనక కూడా చూశాడు. అప్పుడు తలెత్తి నా వంక చూశాడు. అన్న కోసం చేసిన పని చెడిపోలేదన్న సంతోషం మొహమంతా ఉంది.

"ఒక్కటి గూడ మొల్వలేదు," అన్నాడు.

అక్క గబుక్కున నా చేయి పట్టుకుంది.

"లేదు," అన్నాను. "మంచిగ తీసినవు."